కరువు సీమోడి పడవ బేరం

మా ఊళ్లో పడవ అంటే నోట్‌బుక్ కాగితంతో చేసేదే. అదీ ఏడాదికి రెండు మూడుసార్లు, గట్టి వానొచ్చి వీధిలో నీళ్లు పారిన రోజు మాత్రమే. కళ్యాణదుర్గం పక్కన పుట్టినోడికి అంతకన్నా పెద్ద పడవతో పనేముంటుంది? ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే జిల్లా మాది. అదైనా పడితేనే.

అలాంటి నాకు పోయిన జనవరిలో ఒక రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో రెండు పీడీఎఫ్‌లు వచ్చాయి. పంపింది మా కాకినాడోడు. అనంతపురంలో ఇంజినీరింగ్ చదివిన నాలుగేళ్లూ నా రూమ్మేట్. ఒక పీడీఎఫ్‌లో పాంటూన్ బోటు, ఇంకోదాంట్లో డెక్ బోటు. కింద మెసేజ్: "ఏరా, రెండిట్లో ఒకటి సెలెక్ట్ చెయ్యి. నీది ఆరు, నాది ఆరు, మిగతాది లోన్. కాకినాడ తీరంలో టూరిస్టుల్ని తిప్పుదాం."

ఆరంటే ఆరు లక్షలు. నా దగ్గర ఉన్నాయి. కానీ అవి ఊరికే ఉన్నవి కావు. నాయన చీనీ తోటకి ఫారం పాండ్ తవ్వించి, డ్రిప్ మార్చడానికి మూడేళ్లుగా దాచినవి. తోటలో ఏడు బోర్లు వేస్తే రెండిట్లో నీళ్లు పడ్డాయి, ఇప్పుడు ఒకటే పోస్తోంది. అంటే నేను ఎంచుకోవాల్సింది రెండు పడవల మధ్య కాదు, పడవకీ చెట్లకీ మధ్య. అయినా ఆ రాత్రి ల్యాప్‌టాప్ తెరిచా. ఇంజినీర్‌ని కదా, ఎక్సెల్ షీట్ లేకుండా 'వద్దు' అని కూడా చెప్పలేను.

ముందు ఈ రెండూ ఏంటో చెప్తా. మీలో కూడా చాలామంది నాలాగే మెట్ట వాళ్లు ఉంటారు కాబట్టి.

పాంటూన్ అంటే రెండు పొడవాటి అల్యూమినియం గొట్టాలు, గాలి నింపి సీల్ చేసినవి. వాటి మీద బల్లపరుపుగా ఒక వేదిక. చుట్టూ రెయిలింగ్, పైన టాప్, లోపల సోఫాలు. చూడ్డానికి నీళ్ల మీద తేలే వరండాలా ఉంటుంది. 1952లో అమెరికాలోని మిన్నెసోటాలో ఆంబ్రోస్ వీరెస్ అనే ఆయన పీపాల్లాంటి ఉక్కు గొట్టాల మీద చెక్క వేదిక బిగించి చెరువులోకి దించాడు. ఇవాళ్టి పాంటూన్ బోట్లకి ఆయనే ఆద్యుడని చెప్తారు. మిన్నెసోటాని పదివేల సరస్సుల రాష్ట్రం అంటారు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, ఈ పడవ పుట్టింది సరస్సులో.

డెక్ బోటు వేరు. దాని అడుగు ఫైబర్‌గ్లాస్‌తో చేసిన 'వి' ఆకారం. మామూలు స్పీడ్ బోటు లాంటిదే, కాకపోతే ముందు భాగాన్ని వెడల్పు చేసి అక్కడ కూడా జనం కూర్చునేలా చేస్తారు. స్థలం తక్కువ, ఇంజిన్ పెద్దది కావాలి, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. మావాడు పంపిన పీడీఎఫ్‌లో పాంటూన్‌కి ఇరవై మంది, డెక్ బోటుకి పది మంది అని రాసుంది. ధరలో తేడా పెద్దగా లేదు.

ఎక్సెల్‌కి ఇంతకన్నా ఏం కావాలి? ఇరవై సీట్లు ఇంటూ రోజుకి నాలుగు ట్రిప్పులు. పాంటూన్ రెండేళ్లలో పెట్టుబడి తిరిగిచ్చేస్తోంది. డెక్ బోటు ఐదేళ్లయినా గట్టెక్కడం లేదు. సెల్స్‌కి ఆకుపచ్చ రంగు వేసి మావాడికి పంపేసి పడుకున్నా. వాడు పంపిన డాన్స్ స్టిక్కర్లు పొద్దున చూసుకున్నా.

మర్నాడు ఆఫీసులో లంచ్ టైంలో ఊరికే ఒక లెక్క వేశా. ఇంటర్‌లో చదివిన ఆర్కిమెడిస్ లెక్కే. గొట్టం వ్యాసం రెండడుగులు, పొడవు 24 అడుగులు. ఒక్కోటీ పూర్తిగా మునిగితే దాదాపు 2.1 టన్నుల నీళ్లని తోస్తుంది. రెండు కలిపి నాలుగు టన్నుల పైచిలుకు. బాగానే ఉంది కదా అనుకుంటాం. కానీ గొట్టం సగానికి మించి మునగకుండా చూసుకోవాలన్నది పాంటూన్ వాళ్లు పాటించే మోటు లెక్క. పైన ఉండే సగమే అల వచ్చినప్పుడు కాపాడేది. అంటే మనకి దక్కేది రెండు టన్నులు. అందులో పడవ, ఇంజిన్, టాప్, పెట్రోలు కలిపి 1.1 టన్ను. మిగిలింది ఒక టన్ను. మనిషికి 70 కిలోలు వేసుకుంటే పద్నాలుగు మంది. ఇరవై కాదు.

ఆ పద్నాలుగు కూడా నిలకడ నీళ్లలో, అందరూ ఎవరి సీట్లో వాళ్లు కూర్చుంటే. మన జనం పడవెక్కి కూర్చుంటారా? ఎవడో "డాల్ఫిన్!" అని అరిస్తే చాలు, ఇరవై ఫోన్లూ ఒకే పక్కకి పోతాయి. 2009లో కేరళలోని తేక్కడి జలాశయంలో మునిగిన పడవ గుర్తుందా? జంతువుల్ని చూద్దామని జనం ఒక పక్కకి చేరడంతో ఒరిగిపోయిందని చెప్పుకున్నారు. 45 మంది పోయారు. అక్కడ అలలు కూడా లేవు.

లెక్క పంపిస్తే మావాడి రిప్లై: "నువ్వు సముద్రం చూడనోడివి రా. వచ్చి చూడు."

సరే అని ఫిబ్రవరిలో శేషాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కా. బెంగళూరు నుంచి నేరుగా కాకినాడ. పొద్దున్నే స్టేషన్‌కి వచ్చి, కాజా తినిపించి, తర్వాత ఒక పెద్దాయన ఫైబర్ బోటులో ఎక్కించాడు. ఆయన నలభై ఏళ్లుగా వేటకెళ్తున్నాడు. మావాళ్ల వీధికి తెలిసిన మనిషి. నేను లైఫ్ జాకెట్ అడిగితే అదోలా చూసి, ఎక్కడో మూల నుంచి తీసిచ్చాడు. నాకొచ్చిన ఈత అపార్ట్‌మెంట్ పూల్‌లో నాలుగడుగుల లోతు వరకే.

కాకినాడ సముద్రం గురించి ఒక మాట. అక్కడ హోప్ ఐలాండ్ ఉంది. గోదావరి మోసుకొచ్చిన ఇసుకతో ఏర్పడిన దిబ్బ, దాదాపు 16 కిలోమీటర్ల పొడవు. బంగాళాఖాతానికీ ఊరికీ మధ్య గోడలా పడుకుని ఉంటుంది. దాని లోపలి వైపు నీళ్లు చాలావరకు నెమ్మదిగా ఉంటాయి. కోరింగ మడ అడవుల వైపు పాయల్లోకి వెళ్తే ఇంకా నెమ్మది. మా బుక్కరాయసముద్రం చెరువు నిండినప్పుడు గాలి లేని పొద్దున ఎలా ఉంటుందో అలా. అక్కడ నాకు కూడా అనిపించింది, పాంటూన్ అయితే ఏంటి నష్టం అని. వరండాలో కూర్చుని మడ చెట్లు చూస్తూ టీ తాగొచ్చు.

"ఇంకాస్త బయటికి ఎల్దామా?" అన్నాడు పెద్దాయన.

దిబ్బ కొస దాటాక నీళ్ల రంగు మారింది. అల పెద్దదేం కాదు, మూడడుగులు ఉంటుందేమో. కానీ అది విరగకుండా, చప్పుడు లేకుండా కిందనుంచి పడవని ఎత్తి దించుతోంది. నేను రెండు చేతులతో అంచు పట్టుకుని కూర్చున్నా. అక్కడ మావాడు ఫోన్‌లో పాంటూన్ ఫోటో ఆయనకి చూపించాడు. ఆయన ఫోన్‌ని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూశాడు.

"దీనికి ముక్కేదండీ?" అన్నాడు.

తర్వాత చెయ్యి చాపి నీళ్లలోకి పెట్టాడు. ముందు అరచెయ్యి నిలువుగా, కత్తిలా. అల రెండుగా చీలి పోయింది. తర్వాత అరచెయ్యిని పళ్లెంలా పరిచి, కొంచెం ముందుకి వంచాడు. అల చేతి మీదకెక్కి చెయ్యిని కిందకి తొక్కేసింది. "ఇదేనండీ. ఎక్కిన నీరు దిగాలి కదా. దిగేలోపు రెండోది వచ్చేత్తది." అంతే. నాలుగేళ్ల ఇంజినీరింగ్‌లో ఇంత మంచి డెమో నేను చూడలేదు.

రూమ్‌కి వచ్చి దానికీ లెక్క వేశా. పాంటూన్ ముందు భాగంలో ఎనిమిదడుగుల వెడల్పు, పదడుగుల పొడవు మేర నాలుగంగుళాల నీళ్లు ఎక్కాయనుకోండి. ఉప్పునీళ్లు కదా, 770 కిలోల దాకా వస్తాయి. అంటే టికెట్ కొనని పదకొండు మంది ఒక్కసారిగా ముందుకొచ్చి నిలబడ్డట్టు. ముందు గొట్టాలు ఇంకా మునుగుతాయి, రెండో అల ఇంకా సులువుగా ఎక్కుతుంది. రెయిలింగ్, సోఫాలు, టాప్ అన్నీ గాలికి తెరచాపలా పనిచేస్తాయి. మూడు గొట్టాల పాంటూన్లు, పెద్ద ఇంజిన్లు పెట్టి వేగంగా పోయేవి కూడా ఉన్నాయి, అవి కాస్త నయం. మావాడి పీడీఎఫ్‌లో ఉన్నది ఆ రకం కాదు.

పాంటూన్ చెడ్డదని నేననడం లేదు. తేలే గొట్టాలు మన దగ్గర చాలా బుద్ధిగా పనిచేస్తున్నాయి కూడా. విశాఖ దగ్గర సింహాద్రి థర్మల్ ప్లాంట్ రిజర్వాయర్‌లో 2021 నుంచి 25 మెగావాట్ల సోలార్ ప్యానెళ్లు నీళ్ల మీద తేలుతూ కరెంటు ఇస్తున్నాయి. అదే విశాఖలో, ఆర్కే బీచ్‌లో 2024 ఫిబ్రవరి 25న తేలే వంతెన ప్రారంభించారు. మర్నాడే దాని కొస ముక్క విడిపోయి సముద్రంలో తేలుతున్న వీడియో మనందరి ఫోన్లలోకీ వచ్చింది. అలలు ఎక్కువగా ఉన్నాయని మేమే విడదీసి పరీక్షిస్తున్నామని అధికారులు చెప్పారు. అప్పుడు దాని మీద మనుషులెవరూ లేరు, అది అదృష్టం. తర్వాతి నెలలో కేరళ వర్కలలో అలాంటి వంతెనే అలకి ఊగిపోతే జనం నీళ్లలో పడ్డారు. రిజర్వాయర్‌లో ఒద్దికగా కూర్చునేది సముద్రంలో అలా కూర్చోదు.

మన తీరం వాళ్లకి ఇది ఎప్పటినుంచో తెలుసు. కోరమాండల్ తీరంలో మసూలా పడవలని ఉండేవి. పలకల్ని మేకులతో కొట్టకుండా కొబ్బరి పీచు తాళ్లతో కుట్టేవాళ్లు. ఒడ్డున విరిగే అల తాకితే పడవ బిగుసుకోకుండా కాస్త వంగి తట్టుకునేది. మద్రాసుకి హార్బర్ లేని రోజుల్లో ఓడ దిగిన దొరలు ఒడ్డుకి చేరింది వాటిలోనే. దుంగలు కట్టిన తెప్ప కూడా అంతే. నీళ్లు పైకెక్కుతాయి, సందుల్లోంచి దిగిపోతాయి, ఎక్కినవాడు తడుస్తాడు. టూరిస్టు తడవడానికి ఒప్పుకోడు కదా, అక్కడే వచ్చింది చిక్కంతా.

మరి డెక్ బోటు కొంటే సరిపోతుందా? పూర్తిగా కాదు. 'వి' అడుగు అలని కోస్తుంది, నడుముకి తగిలే దెబ్బ తగ్గుతుంది, గాలికి పక్కకి జరగడం తక్కువ. కానీ దాని ముందు భాగం వెడల్పు, కొన్నిట్లో ఎత్తు కూడా తక్కువ. అక్కడ ఐదుగుర్ని కూర్చోబెట్టి ఎదురు అలలోకి పోతే అదీ నీళ్లు తాగుతుంది. అందుకే పడవ రకం కన్నా ముందు ఒక అక్షరం అడగాలని చదివి తెలుసుకున్నా. యూరప్‌లో అమ్మే పడవలకి ఏ, బీ, సీ, డీ అని తరగతులు ఉంటాయి. సీ అంటే తీరం దగ్గర, సుమారు రెండు మీటర్ల అలల దాకా. డీ అంటే చెరువులు, పాయలు, అల అడుగు ఎత్తు. మావాడి డీలర్‌కి ఫోన్ చేసి అడిగా. పాంటూన్‌ది ఏ తరగతి అన్నా?

"సార్, ఇది ఆల్ వాటర్ బోట్ సార్. నది, సముద్రం, ఎక్కడైనా ఫుల్ గ్యారంటీ సార్."

అక్షరం మాత్రం చెప్పలేదు. మూడుసార్లు అడిగా, మూడుసార్లూ గ్యారంటీయే చెప్పాడు. డెక్ బోటు గురించి అడిగితే మాత్రం సీ అని చెప్పి, పది మందికే ఇచ్చిన ప్లేట్ ఫోటో కూడా పంపాడు.

ఆ వారం ఊరికెళ్లినప్పుడు నాయనకి మొత్తం చెప్పా. డబ్బు సంగతి కూడా. తిడతాడనుకున్నా. ఆయన చెట్టు కింద చీనీ కాయ ఒలుస్తూ అంతా విని ఒకటే అడిగాడు.

"ఒరే అబ్బీ, ఆ డీలరు నీకు నీళ్లు సూపిచ్చినాడా, టెంకాయ సూపిచ్చినాడా?"

మా వైపు వాళ్లకి ఇది విప్పి చెప్పక్కర్లేదు. బోరు పాయింటు చూసే మనిషి అరచేతిలో టెంకాయ పెట్టుకుని పొలమంతా తిరుగుతాడు. టెంకాయ నిలబడిన చోట నీళ్లున్నాయంటాడు. "ఆరు నూర్ల అడుగుల్లో మూడించులు గ్యారంటీ" అంటాడు. ఎండిపోయిన ఐదు బోర్లలో నాలుగిటికి మాకు టెంకాయ నిలబడే ఉండింది. దుమ్ము లేచినాక ఆ మనిషి ఫోన్ ఎత్తడు.

"బోరు ఫెయిలైతే మనం అప్పులపాలైతాం, అంతే," అన్నాడు నాయన. "అది ఫెయిలైతే ఊరోళ్ల పిల్లోళ్లు కదా దాంట్లో ఉండేది."

2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ట మునిగినప్పుడు నేను ఫస్ట్ జాబ్‌లో చేరి కొన్ని వారాలే. ఆదివారం. రూమ్‌లో అందరం ఫోన్లు పట్టుకుని కూర్చున్నాం. 77 మంది ఎక్కితే 26 మంది బయటపడ్డారు. గోదావరి వరద మీద ఉంది. ధర్మాడి సత్యం బృందం ఆ పడవని పైకి తీసేసరికి అక్టోబర్ 22 అయింది. అదేమీ పాంటూన్ కాదు, మామూలు పెద్ద పడవే. ఏ రోజు పడవ తియ్యకూడదన్న మాట ఎవరో ఒకరు చెప్పి ఉండాల్సింది. మా ఎక్సెల్ షీట్‌లో ఆ కాలమ్ లేదు. ఏడాదికి 365 రోజులు ఇంటూ నాలుగు ట్రిప్పులు అని గుడ్డిగా లాగేశా నేను.

అందుకని షీట్ మళ్లీ కట్టా. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి గాలులు, దిబ్బ దాటడం లేదు. అక్టోబర్ నుంచి డిసెంబర్ తుపాన్ల కాలం, సగం రోజులు కొట్టేశా. రోజూ పొద్దున ఇన్‌కాయిస్ వాళ్ల అలల సూచన చూడాలి. అది హైదరాబాద్‌లో ఉంటుంది. సముద్రం లేని ఊళ్లో కూర్చుని దేశం మొత్తానికి సముద్రం సంగతి చెప్తారు, అది చూసి నాక్కూడా కొంచెం ధైర్యం వచ్చింది. వాళ్లు హెచ్చరిక ఇస్తే ఆ రోజు సున్నా. లైఫ్ జాకెట్లు, సర్వే, ఇన్సూరెన్స్ ఖర్చులన్నీ కలిపా.

మెయింటెనెన్స్ దగ్గర ఒక్క లైన్ చూసి చాలాసేపు ఆగిపోయా. ఉప్పునీళ్లలో తిరిగిన పడవని ప్రతి ట్రిప్పుల రోజూ సాయంత్రం మంచినీళ్లతో శుభ్రంగా కడగాలి. అల్యూమినియం అయితే ఇంకా జాగ్రత్త, ఇంజిన్ ఇనుము, స్టీలు బోల్టులు పక్కన ఉంటే ఉప్పునీళ్లలో అల్యూమినియమే ముందు తినేయబడుతుంది. దాని బదులు తినడానికి జింకు ముక్కలో, వేరే అల్యూమినియం ముక్కలో బిగించి, అరిగాక మారుస్తూ ఉండాలి. అదంతా సరే. రోజూ మంచినీళ్లతో కడగాలట! మా తోటలో ఎండాకాలం ట్యాంకర్ తెప్పించి చెట్టుకిన్ని బకెట్లని లెక్కపెట్టి పోస్తాం. ఈ లైన్ అమ్మకి చదివి వినిపించలేదు.

కొత్త షీట్‌లో పాంటూన్ ఎరుపు. పాయల్లోనే తిప్పితే, పన్నెండు మందితో, కొంచెం నారింజ. డెక్ బోటు, పది మందితో, ఆరో ఏడు ఆకుపచ్చ. మా పెన్నహోబిలం రిజర్వాయర్‌లో తిప్పేదైతే కళ్లు మూసుకుని పాంటూనే కొనేవాణ్ణి, ఎక్కడానికి మనుషులు వస్తారా అన్నది వేరే సంగతి.

మావాడికి పంపా: "డెక్ బోటు. పది మంది. దిబ్బ లోపలే. హెచ్చరిక ఉన్న రోజు తాళం. నావి మూడు లక్షలే, మిగతా మూడు తోటకి. ఒప్పుకుంటే ఉన్నా, లేకపోతే లేను."

రెండు బ్లూ టిక్కులు పడ్డాయి. రిప్లై లేదు. ఒక రోజు, రెండు రోజులు. వాడు నాన్న మీద పంతంతో ఉద్యోగం మానేసి ఈ పనిలోకి దిగాడు. ఆ ఆకుపచ్చ సెల్స్ వాడికి మొదట పంపింది నేనే. స్నేహం పోయిందనే అనుకున్నా. ఇంకో పార్ట్‌నర్ దొరికి పాంటూన్ కొనేస్తాడేమో అన్న భయం దాని కన్నా ఎక్కువ ఉండింది.

మూడో రోజు రాత్రి, మళ్లీ పదకొండింటికే, మెసేజ్ వచ్చింది.

"పెద్దాయన్ని మళ్లీ కలిశా. తొమ్మిది మంది అంట. నడిపేవాడితో కలిపి పది. షీట్ మార్చి పంపు."